మంచిని చూడ్డం నేర్చుకుందాం – 3వ పాఠం: బిరుదులొద్దు, చూసింది చెప్పండి

పోయిన పాఠం హోంవర్క్ గుర్తుందా? ఇంట్లో ఒకళ్ళని ఎంచుకుని రోజంతా వాళ్ళు చేసేవాటిలో బాగున్నవి ఊరికే గమనించండి, నోరు మాత్రం విప్పొద్దు అన్నా. చేసినవాళ్ళకి తెలిసే ఉంటుంది, తప్పు పట్టడానికి మన కళ్ళకి ట్రైనింగ్ అక్కర్లేదు గానీ బాగున్నది కనపడాలంటే కాసేపు ఆగి చూడాలి. ఇవ్వాళ నోరు విప్పుదాం.

మన ఇళ్ళల్లో చిక్కంతా ఇక్కడే. పిల్లల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అంటారు, దిష్టి అంటారు, అందుకే పక్కింటావిడతో "మావాడు భలే చదువుతాడండీ" అని మురిసిపోయి, వాడు ఇంటికి రాగానే "ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయ్ రా" అంటాం. దిష్టి సంగతేమో గానీ ఆ పాత మాటలో కాస్త పాయింట్ ఉందనిపిస్తుంది నాకు, ఎందుకంటే పొగడ్తల్లో కొన్ని నిజంగానే దెబ్బకొడతాయి.

1998లో క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఐదో తరగతి పిల్లలకి పజిల్స్ ఇచ్చి చూశారు. మొదటి సెట్ అయ్యాక కొందరితో నువ్వు తెలివైనదానివి, తెలివైనవాడివి అన్నారు, ఇంకొందరితో బాగా కష్టపడి చేశావ్ అన్నారు, అంతే తేడా. తర్వాత కావాలనే కష్టమైన సెట్ ఇచ్చి, మీకు సరిగ్గా రాలేదని చెప్పి, మళ్ళీ మొదటిలాంటి సెట్టే ఇస్తే, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు ముందుకన్నా బాగా చేశారు, తెలివిని మెచ్చుకున్నవాళ్ళు ముందుకన్నా తగ్గారు. పైగా తమ మార్కులు వేరే పిల్లలకి రాసి చెప్పమంటే ఎక్కువేసి చెప్పినవాళ్ళు తెలివి గ్రూపులోనే ఎక్కువ. పాపం మరి, తెలివైనవాడు అనే బిరుదు ఇచ్చేశాక దాన్ని కాపాడుకోవాలిగా!

అలాగని చెయ్యని కష్టానికి "బాగా కష్టపడ్డావ్" అంటే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. కంటితో చూసిందే చెప్పాలి.

మా అమ్మతో ఇన్నేళ్ళూ "పప్పుచారు బాగుందమ్మా" అనేవాణ్ణి, ఆవిడ "ఊఁ, ఇంకాస్త వేసుకో" అనేది, అక్కడితో సరి. మొన్నోరోజు "మునక్కాయ ముక్క చితక్కుండా భలే ఉడికిందే" అన్నానో లేదో, గరిటె పట్టుకునే నిలబడిపోయి "పప్పుతో పాటే కుక్కర్లో పెడితే చితికిపోతాయిరా, విడిగా ఉడికించి ఆఖర్న వేశా" అని మొదలుపెట్టి, వాళ్ళమ్మ కట్టెలపొయ్యి మీద ఎలా చేసేదో దాకా వెళ్ళింది. నా చారు చల్లారిపోయింది, అది వేరే సంగతి.

ప్రాక్టీస్ ఇలా చెయ్యండి. "నువ్వు చాలా మంచోడివి" అని నోటిదాకా వస్తే ఆపి, వాడు ఏం చేస్తే అలా అనిపించిందో అది చెప్పండి. "మీటింగ్‌లో ఆ కొత్తమ్మాయి మాట మధ్యలో ఆగిపోతే నువ్వే మళ్ళీ అందించావ్, చూశా" అంటే చాలు, దానికి సూపర్, కేక, తోపు తగిలించక్కర్లేదు. వెనకాలే "కానీ" కూడా వద్దు. "కూర బాగుంది కానీ ఉప్పు..." అంటే అవతలివాళ్ళకి ఉప్పే గుర్తుంటుంది.

ఇక మన సంగతి, ఇదే అన్నిటికన్నా కష్టం. ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, ఏదో అలా కుదిరిందండీ" అనేస్తాం, వినయం అనుకుంటాం గానీ చెప్పినవాళ్ళు నిజంగా చూసి చెప్పిన మాటని తీసి పక్కన పడేసినట్టే అది. ఈ వారం "థాంక్సండీ" అని ఆగిపోండి, మొదట్లో నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోండి. రాత్రి పడుకునేముందు పాత డైరీలోనో పాల లెక్క రాసే నోట్‌బుక్ వెనకో మీరు ఆ రోజు చేసిన ఒక్క పని రాయండి, "నేను ఓపికమంతురాలిని" అని కాదు, "అత్తయ్య అదే ప్రశ్న మూడోసారి అడిగినా విసుక్కోకుండా చెప్పా" అని.

హోంవర్క్: రోజుకి ఒక్కరికి ఒక్క మాట, ఏడు రోజులు. అందులో రెండు రోజులు ఇంటి బయటివాళ్ళకి చెప్పండి, వాచ్‌మన్‌కో, ఇస్త్రీ అతనికో, బస్సు కండక్టర్‌కో. నాలుగో పాఠానికి మీకు అస్సలు పడని మనిషిని ఒకళ్ళని రెడీగా అనుకుని రండి, పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు.