ఇంటి షెడ్డులో వెల్డింగ్ – 2వ పాఠం: మొదటి మెషీన్ ఎంపిక

గత పాఠం చివర రెండు పనులు అప్పజెప్పాను. వెల్డింగ్ నేర్చుకుని ఏమేం చేసుకోవాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయమన్నాను. ఒక్కో పనికి వాడే ఇనుము మందం ఎంతో వెర్నియర్‌తో కొలిచి, పక్కనే వేసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. అది లేకుండా కొనడానికి వెళ్తే అమ్మేవాళ్ల దగ్గర ఏది నిల్వ ఉంటే అదే మీకు సరైన మెషీన్ అవుతుంది.

కాగితం మీద అంకెలు ఎక్కువగా 2 నుంచి 6 మి.మీ. మధ్య ఉన్నాయా? యాంగిల్, ఫ్లాట్, గేటు కమ్మీలు, పని బల్ల కాళ్లు, స్టాండ్లు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. అలాగైతే మీకు కావలసింది రాడ్డు వెల్డింగ్, అంటే పూత ఉన్న రాడ్డునే ఆర్క్ (కరెంటు మెరుపు) వేడితో కరిగించి అతికే పద్ధతి. చేతిలో డబ్బు తక్కువగా ఉండి మొదటిసారి కొనేవాళ్లకు డీసీ ఇన్వర్టర్ ఆర్క్ మెషీన్‌ను (ఎలక్ట్రానిక్ బోర్డులతో డీసీ కరెంటు ఇచ్చే, రాడ్డుతో నడిచే తేలిక మెషీన్) మించింది లేదని నా గట్టి అభిప్రాయం. గ్యాస్ సిలిండర్ కొనక్కర్లేదు, నింపించక్కర్లేదు. ఆరుబయట గాలి వీస్తున్నా పని ఆగదు. బరువు ఐదారు కిలోలే కాబట్టి భుజాన తగిలించుకుని గేటు దగ్గరికే తీసుకెళ్లొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, రాడ్డుతో చెయ్యి కుదిరినవాళ్లకు ఆ తర్వాత మిగ్ (వైరు దానంతట అదే వస్తూ కరిగి అతికే రకం) అయినా, టిగ్ (టంగ్‌స్టన్ సూదితో ఆర్క్ వెలిగించి గ్యాస్ రక్షణలో అతికే రకం) అయినా త్వరగా పట్టుబడుతుంది. ఆర్క్ పొడవు, చెయ్యి కదిలే వేగం, కరిగిన లోహాన్ని కంటితో చదవడం, ఈ మూడూ రాడ్డు దగ్గరే బాగా అలవాటవుతాయి.

అంకెలు 1 మి.మీ. చుట్టూ తిరుగుతుంటే సంగతి వేరు. కారు బాడీ రేకు, పల్చటి ఫర్నిచర్ పైపు లాంటి వాటి మీద కొత్త చేతికి రాడ్డు ఇస్తే అతుకు బదులు చిల్లు పడుతుంది. దానికి మిగ్ కావాలి, ఆ మాట కిందకి వస్తుంది. అల్యూమినియం రాసుకున్నవాళ్లు మాత్రం ఆ పనిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దానికి ఏసీ టిగ్ మెషీన్, స్వచ్ఛమైన ఆర్గాన్ గ్యాస్ కావాలి. ఒక్క అల్యూమినియం పని కోసం మొదటి బడ్జెట్ అంతా అటు పోనివ్వడం నాకు సమ్మతం కాదు.

ఎన్ని ఆంప్స్ కావాలి?

ఇనుము విషయంలో ఒక మోటు లెక్క ఉంది. ఒక్కో మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంప్స్. 2 మి.మీ.కి 80, 3 మి.మీ.కి 120. ఇంకా మందం పెరిగితే ఈ లెక్కను అలాగే పట్టుకుని పైకి వెళ్లనక్కర్లేదు. అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు పాస్‌లు (అతుకు వరుసలు) వేస్తారు. 6 మి.మీ. ప్లేటు కూడా 120 ఆంప్స్ దగ్గరే చక్కగా అతుకుతుంది.

రాడ్డు వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. 2.5 మి.మీ. 6013 రాడ్డు (2.5 మి.మీ. రాడ్డు మందం, 6013 దాని రకం నంబరు) 60 నుంచి 90 ఆంప్స్ మధ్య నడుస్తుంది. 3.15 మి.మీ. రాడ్డుకు 90 నుంచి 130 కావాలి. ఇంటి పనుల్లో తొంభై పాళ్లు ఈ రెండు రాడ్లతోనే తీరిపోతాయి. కాబట్టి నిజంగా 140–160 ఆంప్స్ ఇవ్వగల మెషీన్ చాలు. "నిజంగా" అన్న మాటను ఊరికే వాడలేదు.

పెట్టె మీది అంకెను ఎలా పరీక్షించాలి

ఈ పాఠంలో అసలు సరుకు ఇదే. నెమ్మదిగా చదవండి.

చవక మెషీన్ల పెట్టెల మీద 200, 250, 300 అని పెద్ద అంకెలు ఉంటాయి. కొన్నిటికి అది మోడల్ పేరే తప్ప ఆంప్స్ కాదు. అసలు సమాచారం మెషీన్ వెనకో పక్కనో అతికించిన చిన్న రేటింగ్ ప్లేటు మీద ఉంటుంది. అక్కడ ఐ2 అంటే రాడ్డు దగ్గర వచ్చే కరెంటు, యు2 అంటే ఆ కరెంటు దగ్గర ఉండే వోల్టేజీ, ఎక్స్ అంటే డ్యూటీ సైకిల్ (పది నిమిషాల్లో ఎంతసేపు వెల్డింగ్ చేయొచ్చో చెప్పే శాతం). యు1 అంటే మెషీన్ తీసుకునే వోల్టేజీ, ఐ1 మ్యాక్స్ అంటే గోడ నుంచి లాగే అత్యధిక కరెంటు. యు0 అంటే ఆర్క్ వెలగనప్పుడు హోల్డర్ దగ్గర ఉండే ఖాళీ వోల్టేజీ.

రాడ్డు వెల్డింగ్‌కు ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60974-1 ప్రమాణం ఒక సూత్రం పెట్టింది. ఆంప్స్‌ని 0.04తో గుణించి 20 కలిపితే వోల్టేజీ వస్తుంది. 250 ఆంప్స్ అయితే 30 వోల్టులు. రెండూ గుణిస్తే 7,500 వాట్లు. ఇది బయటికి రావాలంటే లోపలికి అంతకంటే ఎక్కువే వెళ్లాలి. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకున్నా దాదాపు 8,800 వాట్లు. 230 వోల్టుల మీద అది 38 ఆంప్స్. అది కూడా పవర్ ఫ్యాక్టర్‌లో (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే పాలు) నష్టమేమీ లేదనుకుంటేనే. ఇప్పుడు ప్లేటు మీద ఐ1 మ్యాక్స్ దగ్గర 20 ఆంప్స్ అని ఉందనుకోండి. 20ని 230తో గుణిస్తే 4,600. లోపలికి 4,600 వెళ్తే బయటికి 7,500 రావడం ఏ మెషీన్‌కూ సాధ్యం కాదు. ఆ పెట్టె మీద 250 అన్నది అబద్ధమని ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్‌తోనే తేలిపోయింది.

ప్లేటే లేని మెషీన్‌నూ, ఉన్నా ఐ1 రాయని మెషీన్‌నూ కొనొద్దు. నిజంగా 140 ఇచ్చే మెషీన్ మీద 140 అనే రాసుకున్న కంపెనీకి నా ఓటు.

యు0 గురించి ఒక్క మాట. 6013 రాడ్డు తక్కువ ఖాళీ వోల్టేజీతో కూడా సులువుగా వెలుగుతుంది. 7018 రాడ్డుకు 65–70 వోల్టులు ఉంటే మేలు. సెల్యులోజ్ పూత ఉన్న 6010 రాడ్డు చాలా చిన్న ఇన్వర్టర్ల మీద నిలకడగా మండదు. నేర్చుకునేవాళ్లకు దానితో పనిలేదు కాబట్టి దిగులు అక్కర్లేదు.

గోడ ప్లగ్గు ఎంత ఇస్తుంది?

మెషీన్ ఎంత గొప్పదైనా మీ గోడ ఇచ్చినంతే వెల్డింగ్ చేస్తుంది. 2.5 మి.మీ. రాడ్డును 80 ఆంప్స్ మీద నడిపితే బయటికి వచ్చేది సుమారు 1,850 వాట్లు. సామర్థ్యం 85 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.7 అని లెక్క వేస్తే 230 వోల్టుల దగ్గర గోడ నుంచి 13.5 ఆంప్స్ చిల్లర లాగుతుంది. 16 ఆంప్స్ పవర్ సాకెట్‌కు ఇది భారం కాదు. అదే 3.15 రాడ్డును 110 మీద పెడితే దాదాపు 20 ఆంప్స్ అవుతుంది. కాసేపు నడిచినా ఎంసీబీ (బోర్డులోని ట్రిప్ స్విచ్) పడిపోతుంది, లేదా ప్లగ్గు పిన్నులు వేడెక్కి నల్లబడతాయి. 3.15 రాడ్డు తరచుగా వాడాలనుకునేవాళ్లు మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకు వేరే లైను లాగించుకోవాలి. తీగ మందం, ఎంసీబీ సైజు ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించండి. తీగ మార్చకుండా ఎంసీబీ ఒక్కదాన్నే పెద్దది పెట్టిస్తే గోడలోని తీగ కాలుతుంది. 110–120 వోల్టుల సరఫరా ఉన్నచోట ఇదే పనికి గోడ నుంచి లాగే కరెంటు దాదాపు రెట్టింపు అవుతుందని గుర్తుంచుకోండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడక తప్పకపోతే తీగ మందంగా, పొట్టిగా ఉండాలి. చుట్ట మొత్తం విప్పేయాలి. చుట్ట మీదే వదిలేస్తే లోపలి పొరల వేడి బయటికి పోదు. పైన ఉన్న ప్లాస్టిక్ మెత్తబడే దాకా మీకు తెలియదు.

డ్యూటీ సైకిల్

ఎక్స్ దగ్గర 25 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో రెండున్నర నిమిషాలు ఆ కరెంటు మీద వెల్డింగ్ చేసి మిగతా సమయం మెషీన్‌ను చల్లారనివ్వాలని అర్థం. కరెంటు తగ్గిస్తే ఈ శాతం బాగా పెరుగుతుంది. 160 ఆంప్స్ మీద 25 శాతం ఉన్న మెషీన్ 80 ఆంప్స్ మీద ఇంచుమించు ఆగకుండా నడుస్తుంది. పైగా ఒక రాడ్డు కాలడానికి పట్టేది నిమిషం, నిమిషంన్నర. తర్వాత స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టాలి, బ్రష్ వేయాలి, అతుకు చూసుకోవాలి, కొత్త రాడ్డు పెట్టాలి. ఇంటి పనిలో మీరు మెషీన్‌కు ఇచ్చే విశ్రాంతి అడక్కుండానే సరిపోతుంది. 60 శాతం కోసం రెట్టింపు డబ్బు పోయకండి. అయితే ఆ శాతాన్ని ఎంత ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చూడండి. ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల దగ్గర కొలవాలి. 20 డిగ్రీల దగ్గర కొలిచి పెద్ద శాతం వేసుకునే మెషీన్లు కూడా అమ్ముతున్నారు. వేడిగా ఉండే షెడ్డులో అవి ఆ మాట నిలబెట్టుకోలేవు.

మిగ్ ఎవరికి?

రేకు పనే ఎక్కువైతే మిగ్ తీసుకోండి, వెనకాడకండి. 0.6 లేదా 0.8 మి.మీ. వైరు, ఆర్గాన్–కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం, చిన్న చిన్న చుక్కలుగా అతుకుతూ పోవడం, ఇవి కుదిరితే 1 మి.మీ. రేకు కూడా చిల్లు పడకుండా కలుస్తుంది. కానీ మెషీన్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేయకండి. సిలిండర్, రెగ్యులేటర్, గ్యాస్ నింపించడం, వైరు చుట్ట, టిప్పులు కూడా అదే జేబులోంచి రావాలి. గాలి వీచేచోట గ్యాస్ కొట్టుకుపోయి అతుకులో బుడగలు పడతాయి.

గ్యాస్ లేకుండా ఫ్లక్స్ కోర్ వైరుతో (లోపల ఫ్లక్స్ పొడి నింపిన వైరు) నడిచే చిన్న మెషీన్లు చవకగా కనిపిస్తాయి. వీటికి పొగ, చిటపటలు ఎక్కువ. కొంటే ఒక్క విషయం తప్పకుండా చూడండి: లోపల ప్లస్, మైనస్ తీగలు తారుమారు చేసుకునే వీలుండాలి. మామూలు వైరుకు గ్యాస్‌తో టార్చ్ (వైరు బయటికి వచ్చే చేతి పిడి) ప్లస్‌లో ఉండాలి. గ్యాస్ లేని ఫ్లక్స్ కోర్ వైర్లలో చాలావాటికి టార్చ్ మైనస్‌లో ఉండాలి. ఆ వీలు ఉండి, గ్యాస్ పైపుకు దారి కూడా ఉంటే రేపు సిలిండర్ కొనుక్కున్నప్పుడు అదే మెషీన్ పనికొస్తుంది. లేకపోతే అది అక్కడితో ఆగిపోయే కొనుగోలు.

మిగ్, ఆర్క్, టిగ్ మూడూ ఒకే పెట్టెలో ఇచ్చే మెషీన్ల మీద నాకు మోజు లేదు. బోర్డు పోతే మూడు పనులూ ఒక్కసారే ఆగిపోతాయి. చవక రకాల్లో టిగ్ అంటే టార్చ్ విడిగా కొనుక్కోవాల్సిన డీసీ టిగ్ మాత్రమే. దానితో అల్యూమినియం పని జరగదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్ ఎవరైనా అమ్ముతామంటే వెంటనే కాదనకండి. లోపల రాగి లేదా అల్యూమినియం చుట్లు, ఇనుప కోరు తప్ప పాడయ్యే బోర్డులుండవు. తీగల మీది తొడుగు పగలకుండా ఉండి, మీ ముందే ఒక రాడ్డు మొత్తం కాల్చి చూపిస్తే నమ్మొచ్చు. బరువు, ఎక్కువ కరెంటు లాగడం, ఏసీ ఆర్క్ కాస్త మొండిగా ఉండటం దానితో వచ్చే ఇబ్బందులు.

మిగతా డబ్బు

మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి మెషీన్ మీద పెట్టకండి. ముందు హెల్మెట్ కొనండి. దానంతట అదే నల్లబడే రకం అయితే కొత్తవాళ్లకు రాడ్డు ఎక్కడ తగిలించాలో కనిపిస్తుంది. షేడ్ (అద్దం ఎంత నల్లబడుతుందో చెప్పే అంకె) 9 నుంచి 13 దాకా మార్చుకునేలా ఉండాలి. మనం వాడే ఆంప్స్‌కు 10 లేదా 11 సరిపోతుంది. తోలు గ్లౌజులు, పొడుగు చేతుల మందపాటి నూలు చొక్కా, బూట్లు తప్పనిసరి. సింథటిక్ బట్ట నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆ తర్వాత గ్రైండర్, క్లాంపులు. మెషీన్‌తో వచ్చే ఎర్త్ క్లాంప్ (అతికే ఇనుముకు పట్టించే రెండో కేబుల్ కొస) చాలాసార్లు పల్చటి రేకుతో చేసినది. అది సరిగ్గా పట్టకపోతే ఆర్క్ వణుకుతుంది, నేర్చుకునేవాళ్లు తప్పు తమ చేతిదే అనుకుంటారు. మంచి ఇత్తడి క్లాంప్ వేయించుకుంటే ఆ బాధ పోతుంది. కేబుల్ పొట్టిగా ఉన్నా మార్చుకోవాలి. 160 ఆంప్స్ మెషీన్‌కు 16 చ.మి.మీ. రాగి కేబుల్ అడగండి. పైన రాగి పూసి లోపల అల్యూమినియం పెట్టినది కూడా అమ్ముతారు, కత్తిరించిన కొసలో తెల్లగా మెరుస్తుంది.

వచ్చే పాఠానికి పని: మీ బడ్జెట్‌లోకి వచ్చే మూడు మెషీన్ల రేటింగ్ ప్లేట్లు ఫోటో తీసుకుని, పై లెక్క మూడిటికీ వేసి చూడండి. మీ ఎంసీబీ మీద ఎన్ని ఆంప్స్ ఉందో రాసుకోండి. మెషీన్ కొనేసినవాళ్లు 2.5 మి.మీ. 6013 రాడ్లు ఒక ప్యాకెట్, 5 మి.మీ. మందం ఫ్లాట్ ముక్కలు కొన్ని తెచ్చిపెట్టుకోండి. జింకు పూత ఉన్న ముక్కలు వద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ముక్కల రెండు వైపులా మెరిసేదాకా గ్రైండ్ చేసి ఉంచండి. రాడ్డు అతుక్కుపోకుండా ఆర్క్ వెలిగించి నిలపడం మూడో పాఠం.