జాఫిష్‌కి ముందు ఇల్లు, తర్వాతే మిగతావన్నీ

నోటినిండా ఇసుక పట్టుకుని బొరియ అంచుదాకా వచ్చి, తుపుక్కున ఉమ్మేసి మళ్లీ లోపలికి దూరుతుంది. కాసేపటికి ఇంకో లోడు. మధ్యలో తన తలకాయంత ఉన్న గవ్వ ముక్కని దవడల మధ్య ఇరికించుకుని తెచ్చి అంచు మీద పెడుతుంది, నచ్చదు, తీసి కాస్త పక్కకి తిప్పి మళ్లీ పెడుతుంది. తాపీ మేస్త్రీ ఇటుక పేర్చినట్టే ఉంటుంది దాని వరస. ఇసుకలో బొరియ తవ్వుకుని బతికే ఈ చిన్న సముద్రపు చేప జాఫిష్‌ని చాలామంది ఈ పని చూసే ఇష్టపడి తెచ్చుకుంటారు, కానీ ఆ పని చేసుకోవడానికి కావలసిన సరుకు మాత్రం ట్యాంకులో వేయరు. నెల తిరక్కుండా చేప చచ్చిపోతే నీళ్లనో అమ్మినవాళ్లనో తిడతారు. నా అనుభవంలో జాఫిష్ సమస్యల్లో సగానికి పైగా ఇంటి సమస్యలే. బొరియ కుదిరిన చేప తింటుంది, రంగు తేలుతుంది, ధైర్యంగా బయటికి వచ్చి నిలబడుతుంది. బొరియ లేని చేప ఏ మూలో నక్కి ఉంటుంది, లేదంటే ట్యాంకులోంచి దూకేస్తుంది.

మొదటిసారి పెంచేవాళ్లు పసుపు తల జాఫిష్ తీసుకోండి. పెర్ల్ జాఫిష్ అని కూడా అమ్ముతారు, శాస్త్రీయ నామం ఒపిస్టోగ్నాథస్ ఆరిఫ్రాన్స్. ఫ్లోరిడా, కరీబియన్ సముద్రాల్లో ఉంటుంది, 10 సెంటీమీటర్లు పెరుగుతుంది, తల పసుపు, ఒళ్లంతా లేత నీలం ముత్యపు మెరుపు. నెమ్మదైన చేప. నీలి చుక్కల జాఫిష్ చూడగానే మతి పోయేలా ఉంటుంది, నిజమే, కానీ అది కాలిఫోర్నియా సింధుశాఖ చేప, ట్యాంకులో కాస్త చల్లటి నీళ్లలోనే బాగుంటుంది, 22 నుంచి 24 డిగ్రీల సెల్సియస్. పగడాల ట్యాంకులు మామూలుగా 26 దగ్గర నడుస్తాయి, ఆ వేడిలో అది నెలల తరబడి నిలవడం కష్టం. నీళ్లు చల్లబరిచే యంత్రం (చిల్లర్) లేకపోతే దాని జోలికి పోకండి. ఫొటో చూసి మనసు పారేసుకుని తర్వాత ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాను.

ట్యాంకు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది ఏ ఉప్పునీటి చేపకైనా ఉన్నదే. పసుపు తల జాఫిష్ ఒకదానికి 110 లీటర్లు తక్కువ కాకుండా ఉండాలి, ఎత్తు కంటే అడుగు వైశాల్యం ముఖ్యం. ఉప్పునీటి సాపేక్ష సాంద్రత 1.024 నుంచి 1.026, వేడి 24 నుంచి 26 డిగ్రీలు, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం లోపు. ట్యాంకు సైకిల్ పూర్తవకుండా, అంటే అమోనియాని తినే బ్యాక్టీరియా స్థిరపడకుండా చేపని వేయకండి, దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆవిరైపోయిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.

ఇప్పుడు ఇసుక. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. 12 నుంచి 18 సెంటీమీటర్ల లోతు కావాలి. ట్యాంకంతా అంత లోతు పోయక్కర్లేదు, ఒక మూల పోసి మిగతా చోట్ల పలచగా పరిస్తే సరిపోతుంది. కానీ లోతు ఒక్కటే చాలదు. పంచదారలాంటి సన్నటి ఇసుక ఒక్కటే పోస్తే చేప తవ్వుతూనే ఉంటుంది, గోడలు కూలుతూనే ఉంటాయి, దానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఒకే సైజు గులకరాళ్లు పోసినా అంతే, కదిలించలేదు. సన్న ఇసుక, నలగ్గొట్టిన పగడపు ముక్కలు, చిన్నా పెద్దా గవ్వ పెంకులు, వేలి గోరంత నుంచి బొటనవేలంత వరకు రాతి ముక్కలు, ఇవన్నీ కలిపి పోయండి. ఇసుక సందులు పూడుస్తుంది, పెంకులు గోడకి ఆనతాయి, పెద్ద ముక్కలు అంచు కడతాయి. తలుపు కూడా ఇందులోంచే వస్తుంది. రాత్రి లైటు ఆరే వేళకి నచ్చిన పెంకో రాయో ఒకటి ఎంచుకుని, దాన్ని లోపలినుంచి లాక్కుని మూత పెట్టుకుని పడుకునే జాఫిష్‌లు ఉన్నాయి. నా దగ్గరున్నది కొన్ని నెలలపాటు ఒకే తెల్ల పెంకు వాడింది. శుభ్రం చేస్తూ ఒకసారి దాన్ని తీసి పక్కన పడేస్తే, మర్నాటికి ట్యాంకు ఆ చివర నుంచి వెతికి తెచ్చుకుంది.

లోతు ఇసుక వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఆహారం పెట్టుకోవడానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా, 15 సెంటీమీటర్ల లోతున్నది తీసుకుని, ఈ మిశ్రమంతో నింపి, రాళ్ల వెనక కనపడకుండా దించండి. నూటికి నూరుపాళ్లు అక్కడే ఉంటుందని మాట ఇవ్వలేను, ఇల్లు మారడం దీనికి సరదా. కానీ చాలాసార్లు పనిచేస్తుంది.

రాళ్ల విషయంలో ఒకటే మాట. పెద్ద రాళ్లని ముందు ట్యాంకు అడుగు మీద నేరుగా నిలబెట్టండి, ఇసుక తర్వాత పోయండి. ఇసుక మీద రాయి పెడితే ఇది దాని కిందే తవ్వుతుంది. రాయి కూలిందంటే చేప నలిగిపోవచ్చు, అద్దం పగిలినా ఆశ్చర్యం లేదు. అడుగు గీతలు పడుతుందని భయమైతే కింద పలచటి ప్లాస్టిక్ షీటు వేసుకోండి. మూడు నాలుగు రాళ్లు పేర్చేటప్పుడు అక్వేరియం జిగురుతో అతికిస్తే నిద్ర పడుతుంది.

ఇక మూత. నా మొదటి జాఫిష్ పోయింది మూత వల్లే. మూత ఉంది, కానీ వెనక మూల పంపు వైరు పోయే చోట రెండు వేళ్లంత సందు వదిలేశాను. అంత పెద్ద ట్యాంకులో ఆ సందే ఎందుకు దొరుకుతుందిలే అనుకున్నాను. వారం తిరక్కుండా ఒక పొద్దున చేప కనపడలేదు. బొరియలో ఉందేమో అని మధ్యాహ్నం దాకా ఊరుకున్నాను, తర్వాత స్టాండు వెనక టార్చి వేసి చూస్తే ఎండిపోయి, ఒంటికి దుమ్ము అంటుకుని పడి ఉంది. అందుకే చెబుతున్నాను, 6 మిల్లీమీటర్ల కన్నులున్న పారదర్శక వలతో ట్యాంకు మొత్తం కప్పండి, వైర్లు పోయే చోట కూడా స్పాంజి ముక్క కుక్కండి. ఇది నిలువుగా, సూటిగా ఎగురుతుంది. ఎక్కువ ప్రమాదం కొత్తగా తెచ్చిన మొదటి రోజుల్లో, అదీ లైట్లు ఠక్కున ఆరిపోయినప్పుడు. చీకట్లో ఇల్లెక్కడో తెలియక బెదిరి దూకుతుంది. లైటుని అరగంట సేపు మెల్లగా తగ్గించే టైమర్ పెట్టండి, లేదా మొదటి వారం రాత్రిళ్లు చిన్న నీలి ఎల్ఈడీ వెలగనివ్వండి.

చేపని వదిలే రోజు లైట్లు ఆపేయండి. సంచిలోని నీటి ఉప్పు కొలిచి, ట్యాంకు నీటితో కొద్దికొద్దిగా కలుపుతూ సమానం చేయండి. వదలడానికి ముందే లోతైన మూలలో, ఒక రాయి వాలు కింద వేలితో ఏటవాలుగా గుంట తీసి ఉంచండి, లేదా మొదలు ఇవ్వడానికి చిన్న పీవీసీ గొట్టం ముక్క పాతండి. ఆ గుంట మీద చిల్లులున్న పారదర్శక డబ్బా బోర్లించి, చేపని దాని కిందకి వదిలితే ఇంకా మంచిది. నీళ్లు ఆడుతుంటాయి, మిగతా చేపలు వచ్చి పొడవలేవు, ఇదేమో వేరే చోటికి పోలేక అక్కడే తవ్వడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తల ఒక్కటే బయట పెట్టి గోతికాడ నక్కలా అటూ ఇటూ చూస్తుంది. అప్పుడు డబ్బా తీసేయండి. మొదటి రెండు మూడు రోజులు తినకపోయినా టెన్షన్ పడకండి. అస్తమానం అద్దం దగ్గరికి వెళ్లి తొంగి చూడకండి, అసలు మీరు కనబడకపోతేనే అది బయటికి వస్తుంది.

తిండి దగ్గర ఒకటి గుర్తుంచుకోవాలి. సముద్రంలో ఇది బొరియ మీద తోక కిందకి పెట్టి నిలువుగా తేలుతూ, ప్రవాహంలో కొట్టుకొచ్చే సన్నటి జీవుల్ని ఏరుకుని తింటుంది. తిండి కోసం ఇల్లు వదిలి దూరం పోదు. అందుకని ట్యాంకుకి ఆ చివర వేసిన మేత ఈ చివర దీనికి అందేలోపు మిగతా చేపలు ఊడ్చేస్తాయి. పంపులు ఆపి, పొడుగాటి పిపెట్‌తో (మందు చుక్కలు వేసే డ్రాపర్ లాంటిది) మేతని బొరియకి ఓ జానెడు పైన మెల్లగా వదలండి, నోటి మీదకే పిచికారీ కొడితే బెదిరి లోపలికి పోతుంది. గడ్డకట్టించి అమ్మే మైసిస్ అనే చిన్న రొయ్యల్ని మంచు కరిగించి ప్రధానంగా పెట్టండి, మధ్యమధ్యలో కోపెపాడ్‌లు అనే నలుసంత నీటి జీవులు, చేప గుడ్లు, సన్నగా తరిగిన రొయ్య. ఆర్టీమియా (బ్రైన్ ష్రింప్ అనే ఉప్పునీటి చిన్న జీవి) ఒక్కటే పెడితే బలం చాలదు, అది పోషకాలు పట్టించినదైతే అప్పుడప్పుడు పరవాలేదు. రోజుకి రెండు మూడు సార్లు, కొంచెం కొంచెంగా. పంపు తిరిగి వేయడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను, అందుకే ఇప్పుడు పది నిమిషాల టైమర్ పెట్టుకుంటున్నాను.

తోడు చేపల ఎంపికలో మెతకవాళ్లనే చూడండి. క్లౌన్‌ఫిష్ జంట, ఫైర్‌ఫిష్, కార్డినల్ చేపలు బాగానే కలిసిపోతాయి. డాటీబ్యాక్, హాక్‌ఫిష్, ట్రిగ్గర్, పెద్ద రాస్ చేపలు, ఈల్స్ వద్దు. పిస్టల్ రొయ్యతో కలిసి బతికే గోబీలు మంచివే గానీ చిన్న ట్యాంకులో రెండు కుటుంబాలకీ ఒకే స్థలం కావాలి, తగాదా తప్పదు. ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ అనే నక్షత్ర చేప లాంటిదొకటి ఉంది, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, రాత్రి పడుకున్న చేపల్ని పట్టి మింగుతుంది. బొరియలో పడుకునే చేప ఉన్న ట్యాంకులో దానికి చోటే లేదు. ఇసుక మీద పెట్టిన పగడాల మీద ఇది రోజూ ఇసుక ఉమ్ముతుంది, వాటిని రాళ్ల మీదకి ఎక్కించుకోండి.

కొత్త చేపని నేరుగా ట్యాంకులో వేయకుండా నాలుగు వారాలు విడిగా ఉంచాలన్నది అందరికీ తెలుసు, పాటించేవాళ్లు తక్కువ. జాఫిష్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తెల్ల చుక్కల జబ్బు కలిగించే పరాన్నజీవి చేపని వదిలాక అడుగున ఇసుకలో, రాళ్ల మీద గూడు కట్టుకుని, పిల్లల్ని ఎక్కువగా చీకట్లోనే వదులుతుంది. మన చేప పడుకునేది సరిగ్గా అక్కడే. విడి ట్యాంకులో దానికి దాక్కోవడానికి పీవీసీ ఎల్బోలు రెండు మూడు వేయండి. రాగి మందు వాడాల్సి వస్తే ఇసుక ఉండకూడదు, పగడపు ఇసుక రాగిని పీల్చేసుకుని మోతాదు తప్పిస్తుంది, రోజూ కిట్‌తో కొలవాలి. అసలు ట్యాంకులో మాత్రం రాగి ఎప్పుడూ వద్దు, రొయ్యలూ పగడాలూ చచ్చిపోతాయి. అక్కడికి జబ్బు పాకితే చేపలన్నిటినీ బయటికి తీసి 11 వారాలు ట్యాంకుని ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. బొరియలో ఉన్న జాఫిష్‌ని వలతో పట్టడం అంటే ఏంటో ఆ రోజు అర్థమవుతుంది, ట్యాంకంతా పీకాలి.

రోజూ ఒక్క నిమిషం చూడండి చాలు. పొద్దున తలుపు తీసిందా, మేతకి పైకి లేచిందా, ఊపిరి మామూలుగా ఉందా. ఊపిరి వేగంగా తీస్తూ, మూల నీటి పైభాగంలో వేలాడుతోందంటే ఏదో తేడా ఉంది, అమోనియా, వేడి వెంటనే కొలవండి, తరుముతున్న చేప ఏదైనా ఉందేమో చూడండి. బొరియ వదిలేసి వేరే చోట తవ్వుతోంటే కంగారక్కర్లేదు, కాకపోతే పంపు ఇసుకని ఊదేస్తోందేమో గమనించండి. పంపు నోటికి స్పాంజి తొడగండి, జాఫిష్ ఉమ్మే ఇసుక లోపలికి పోయి ఇంపెల్లర్‌ని, అంటే నీళ్లు తోసే చక్రాన్ని అరగదీస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు బొరియ చుట్టూ సైఫన్ (నీళ్లు లాగే గొట్టం) పెట్టకండి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా, రెండోదాని సంగతి కూడా చెప్పాలి. పసుపు తల జాఫిష్‌లు సముద్రంలో గుంపుగా, పక్కపక్క బొరియల్లో బతుకుతాయి, కాబట్టి ట్యాంకు పెద్దదైతే రెండు మూడు పెంచవచ్చు, అన్నిటినీ ఒకేసారి వేయాలి. ఒకదాని రాళ్లు ఇంకొకటి ఎత్తుకుపోవడం, నోళ్లు తెరిచి బెదిరించుకోవడం మామూలే. జంట కుదిరితే గుడ్ల ముద్దని మగది నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. మధ్యమధ్యలో ముద్దని సగం బయటికి తెచ్చి, తిప్పి, మళ్లీ లోపలికి తీసుకుంటుంది, గుడ్లకి గాలి ఆడాలని. పిల్లలు బయటికి వచ్చే ముందు ఆ ముద్దలో వందల వెండి కళ్లు మెరుస్తాయి. ఆ వారం పది రోజులూ మగది మేతకి సరిగ్గా రాకపోతే జబ్బనుకుని మందులు వేయకండి, ముందు దవడ కింద ఉబ్బు ఉందేమో టార్చి లేకుండా పక్కనుంచి చూడండి.