పాత పట్టా ముక్కను చదవడం ఎలా

ఉప్పుమడుల నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లే. 2004లో దాన్ని ఆపి, తర్వాత వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజ్ చేశారు.

ఆ దారిలో కంచె గుంజగా పాతిన పాత పట్టా ముక్క కనిపిస్తే ముందు దాని నడుము, అంటే పైతలకూ అడుగుకూ మధ్య నిలువుగా ఉండే సన్నటి భాగం, చూడండి. తయారీదారు పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌన్ల బరువన్నది సాధారణంగా అక్కడే ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇనుప బ్రష్షుతో రుద్దొద్దు, తుప్పుతోపాటు అక్షరమూ లేచిపోతుంది. కొబ్బరి పీచుతో మట్టి దులిపి, చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి. నీడ పడి అక్షరాలు తేలతాయి. స్కేలు ఆనించి ఫోటో తీయండి.

30 అని ఉంటే మీటరుకు సుమారు 15 కిలోలు. సంవత్సరం మాత్రం పట్టా తయారైనది, లైను వేసినది కాదు. ఒకచోట వాడిన పట్టాలే మరోచోట వేసేవారు. స్టేషన్ మాస్టరును అడగందే ఆవరణలోకి వెళ్లొద్దు, ముక్కను అసలు కదపొద్దు.