మురుగునీటి నుంచి పీహెచ్‌ఏ ప్లాస్టిక్: దిగుబడి పడిపోతే ఎక్కడ వెతకాలి?

మురుగునీటిని శుద్ధి చేసే స్లడ్జ్‌లో (బురదలో) కొన్ని బ్యాక్టీరియాలు తిండి దండిగా దొరికినప్పుడు దాన్ని పీహెచ్‌ఏగా మార్చి ఒంట్లో దాచుకుంటాయి. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ అదే. ముందు స్లడ్జ్‌ను పులియబెట్టి ఫ్యాటీ యాసిడ్లు తీస్తాం. తర్వాత దాచుకునే గుణమున్న బ్యాక్టీరియాను పెంచుతాం. చివరగా వాటికి ఆ యాసిడ్లనే మేపి ఒంట్లో పాలిమర్ (అంటే పీహెచ్‌ఏ) నింపుతాం. దిగుబడి తగ్గితే అందరి చూపూ చివరి దశ మీదకే పోతుంది. నేనైతే ముందు రెండో దశనే చూస్తాను.

సమస్య: ఎంత మేపినా పీహెచ్‌ఏ శాతం పెరగడం లేదు

కారణం: రెండో దశలో బ్యాక్టీరియాకు పస్తు చాలడం లేదు. తిండి ఎప్పుడూ ఉంటే దాచుకోని రకాలు కూడా హాయిగా బతికేస్తాయి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్ దగ్గర ఒక సైకిల్ మొత్తం, అంటే ఒక మేత నుంచి మరో మేత దాకా, నిలబడి చూడండి. మేత పడగానే కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది, యాసిడ్లు అయిపోగానే గబుక్కున లేస్తుంది. అంతవరకే విందు, మిగతాదంతా పస్తు. 12 గంటల సైకిల్‌లో విందు 2 గంటలు దాటకపోతే మంచిది.

పరిష్కారం: మేత తగ్గించండి, లేదా సైకిల్ పొడిగించండి. ఆక్సిజన్ అసలు లేవకపోతే నీళ్లలోకి గాలి వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోయాయేమో కూడా చూడండి. మార్పు చేశాక ఓపిక పట్టాలి. పాత బ్యాక్టీరియా పోయి కొత్తవి నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. టెన్షన్‌తో రోజుకో సెట్టింగ్ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

సమస్య: పులియబెట్టే ట్యాంకులో యాసిడ్లు తక్కువ, గ్యాస్ ఎక్కువ

మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు యాసిడ్లను తినేస్తున్నాయి. పీహెచ్ (ఆమ్లగుణం కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గరికి దించి, స్లడ్జ్ ట్యాంకులో ఉండే రోజులు తగ్గించండి.

సమస్య: చివరి దశలో స్లడ్జ్ పెరుగుతోంది, పాలిమర్ మాత్రం పెరగడం లేదు

మేతలో అమ్మోనియా ఎక్కువైంది. నైట్రోజన్, ఫాస్ఫరస్ దొరికితే బ్యాక్టీరియా దాచుకోవడం మాని సంతానం పెంచుకుంటుంది. నైట్రోజన్ తక్కువున్న మేత వాడండి. ఒకేసారి పోయకుండా, ఆక్సిజన్ లేచినప్పుడల్లా కొంచెం కొంచెం వేయండి.

సమస్య: శాంపిల్‌లో పీహెచ్‌ఏ బాగానే ఉంది, ఎండబెట్టేసరికి తగ్గిపోయింది

ఆ మధ్యలో బ్యాక్టీరియా తాను దాచుకున్నదే తినేసింది. మేత ఆపగానే యాసిడ్ కలిపి పీహెచ్ 2 దగ్గరికి దించి, వెంటనే నీరు తీసి ఆరబెట్టండి. తర్వాత పాలిమర్ శుద్ధికి హైపోక్లోరైట్ (బ్లీచ్) వాడేటట్టయితే ముందు స్లడ్జ్‌ను బాగా కడిగి తీరాలి. యాసిడ్ మిగిలి ఉంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణాలకే ప్రమాదం.

సమస్య: వచ్చిన ప్లాస్టిక్ పెళుసుగా విరిగిపోతోంది

మేతలో అసిటిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా ఉంటే పీహెచ్‌ఏలో ఒక రకమైన పీహెచ్‌బీ వస్తుంది, దాని స్వభావమే పెళుసు. ప్రొపియోనిక్ యాసిడ్ వాటా పెంచితే పాలిమర్ గొలుసులో వ్యాలరేట్ అనే మరో రకం ముక్కలు కలిసి మెత్తబడుతుంది. కరిగించేటప్పుడు వేడి కూడా గమనించండి. పీహెచ్‌బీ సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అక్కడి నుంచి కాస్త పైకి పోతే పాలిమర్ గొలుసులే తెగిపోతాయి.