రాతి విగ్రహానికి ఏసీ ఎందుకు?

వరంగల్, జనగామ, సిద్దిపేట చుట్టుపక్కల చిన్న మ్యూజియాల్లో పాత వస్తువులను శుభ్రం చేసి, చెడిపోకుండా చూసే పని నాది. పర్యావరణం మాట రాగానే "సోలార్ పెట్టిద్దామా?" అని అడుగుతారు. పెట్టించండి, మంచిదే. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మీ దగ్గరున్న వస్తువుల్లో దేనికి చల్లదనం కావాలో, దేనికి అక్కర్లేదో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

ఒకచోట కాకతీయుల నాటి నల్లరాతి శిల్పాలున్న హాలుకు ఏసీలు బిగించారు. ఎనిమిది వందల ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసిన రాయి అది! రాతి మీద తెల్లగా ఉప్పు పూస్తుంటే తప్ప దానికి గాలి ఆడితే చాలు. అదే భవనంలో చేర్యాల పటాలు మెట్ల కింద ఉక్కలో చుట్టి పడున్నాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు పట్టించి వేసే బొమ్మలవి. పురుగులకూ బూజుకూ కావాల్సిన తిండంతా అందులోనే ఉంది. చూసి నాకు కడుపు మండింది.

కాబట్టి రాయి, కుండపెంకులు బయటి హాల్లో ఉంచండి. పెంబర్తి ఇత్తడి, నాణేలు పొడిగా ఉంటే చాలు. గట్టిగా మూతపడే అద్దాల పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టండి. అవి తేమ పీల్చి రంగు మారాక 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ వాడుకోవచ్చు. నీలం గింజల్లో ఒంటికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది, నారింజ రంగువి కొనండి. గుడ్డ, కాగితం, తాటాకు మాత్రం ఒక చిన్న లోపలి గదిలోకి చేర్చండి. చల్లదనం కావాల్సింది ఆ ఒక్క గదికే.

అక్కడ కూడా సాయంత్రం తాళం వేస్తూ ఏసీ కట్టేసే అలవాటు మానాలి. వానకాలంలో బయట 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకోండి. ఆ గాలి 24 డిగ్రీల చల్లటి వస్తువును తాకితే దాని మీద నీరు పట్టే దాకా వస్తుంది. పగలు చల్లార్చి రాత్రి వదిలేస్తే పటం రోజూ ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది, పైపూత పగుళ్లిస్తుంది. ఇలా నడిపే ఏసీ కన్నా ఏసీ లేకపోవడమే నయం. గది చిన్నదైతే తేమ తీసే యంత్రం ఒక్కటి రాత్రింబవళ్లు నడిపినా పెద్ద హాలు ఏసీల కన్నా చాలా తక్కువ కరెంటు తింటుంది.

ఏడాదంతా 20 డిగ్రీలు, 50 శాతం తేమ అనే పాత లెక్క చలిదేశాల భవనాలను చూసి వేసింది. సంరక్షకుల అంతర్జాతీయ సంఘాలు ఐఐసీ, ఐకామ్-సీసీ 2014లో చేసిన ప్రకటన కూడా స్థానిక వాతావరణానికి సాధ్యమయ్యేలా నియమాలుండాలనే చెప్పింది. తేమ 40–60 శాతం మధ్య ఉండి, ఒక రోజులో 10 శాతానికి మించి ఊగకపోతే చాలా వస్తువులకు సరిపోతుంది. తేమ మీటరు కొని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రాసుకోండి. మీటరు నిజం చెబుతోందా అని చూడాలంటే చిన్న గిన్నెలో ఉప్పును కొద్ది నీళ్లతో ముద్దగా తడిపి, మీటరుతో కలిపి డబ్బాలో మూసిపెట్టండి. మర్నాటికి 75 దగ్గర చూపించాలి.

ఇక భవనం. డాబాకు తెల్లపూత వేయించండి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ అదే. పడమటి కిటికీలకు బయటివైపు తడకలు కట్టండి, లోపలి పరదా వేడిని లోపలికి వచ్చాకే ఆపుతుంది. రోహిణి కార్తెలో పొద్దున్నే మూసేసి, రాత్రి చల్లబడ్డాక తెరవండి. పటాల గదిలో ఎయిర్ కూలర్ మాత్రం వద్దు, అది గదినంతా తేమతో నింపుతుంది.

మృగశిర రాకముందే డాబా గొట్టాల్లో ఆకులు తీయించండి. మ్యూజియాల్లో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం పూడిన గొట్టం వల్లే. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. ఆ నీటిని గోడకు దూరంగా ఇంకుడు గుంతకో, తొట్టికో మళ్లించండి. పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన కాకతీయుల వస్తువులున్న చోట వాన నీరు మోరీలో పోవడం నాకు నచ్చదు.

లైట్లన్నీ ఎల్‌ఈడీలే కావాలి. గుడ్డకు, కాగితానికి వెలుతురు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురు కొలత) దాటొద్దు. మనిషి వస్తేనే వెలిగే సెన్సర్ పెడితే కరెంటుతో పాటు రంగులూ మిగులుతాయి. వెలుతురు చేసిన హాని ఎప్పటికప్పుడు కూడుతూ పోతుందే గానీ తగ్గదు.

పురుగులకు ఫినాయిల్ గోళీలు, మందు పొగలు మానండి, వాటి గాలి పీల్చేది మీ సిబ్బందే. పురుగు పట్టిన గుడ్డనో పుస్తకాన్నో పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 దగ్గర వారం ఉంచండి. బయటకు తీశాక ఒక రోజు దాకా సంచి విప్పొద్దు. పూత పెళ్లలు లేస్తున్న పటాన్ని మాత్రం ఇలా పెట్టకండి. చుట్టడానికి కోరా గుడ్డ చాలు. గంజి పోయేదాకా సబ్బు లేకుండా వేడినీళ్లలో రెండు మూడుసార్లు ఉతికి వాడండి.

దాచడానికి కొత్త ప్లైవుడ్ అలమారాలు చేయించకండి, వాటి జిగురు వాసనే లోహానికి చేటు. ఆఫీసుల్లో పక్కన పడేసిన ఇనుప బీరువాలు అడిగి తెచ్చుకోండి. రంగు వేయిస్తే నెలరోజులు తలుపులు తెరిచి ఆరనివ్వండి.

చివరగా ఫ్లెక్సీలు. ప్రతి ప్రదర్శనకూ కొత్తవి కొట్టించి, అయ్యాక చెత్తలో వేస్తున్నారు. ఒకే కొలతలో ఇనుప ఫ్రేములు చేయించుకుంటే గుడ్డ మీది రాత మారుస్తూ ఏళ్లపాటు నడుస్తుంది. ఊరి పెయింటర్లకు పని దొరుకుతుంది. కూర్చునే చోట, పిల్లలకు కథ చెప్పే చోట ప్లాస్టిక్ కార్పెట్ తీసేసి వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల దగ్గర నూలు దర్రీలు కొనండి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీ మన మ్యూజియం నేల మీదే లేకపోతే ఎట్లా?