తీర ప్రవాహాల మోడల్‌ను కొలతలతో సరిచూడటం

కంప్యూటర్ మోడల్ చెప్పిన ప్రవాహ వేగానికీ కొలిచిన వేగానికీ సహసంబంధం (రెండూ కలిసి మారే తీరు, గరిష్ఠం 1) 0.9 వచ్చిందంటే, ముందు అందులో ఆటుపోట్ల వాటా ఎంతో చూడండి. ఆటుపోట్లు బలంగా ఉన్న చోట నాసిరకం మోడల్‌కూ మంచి మార్కులే పడతాయి. అందుకే ఆటుపోట్లను, మిగతా ప్రవాహాన్ని విడదీసి పరీక్షించాలి.

ముందు కొలతల సంగతి. సముద్రపు అడుగున పెట్టిన ఏడీసీపీ (ధ్వని తరంగాలతో వేర్వేరు లోతుల్లో ప్రవాహాన్ని కొలిచే పరికరం) ధ్వని బీమ్‌లు నిలువు నుంచి 20 డిగ్రీలు వంగి ఉంటే, మొత్తం లోతులో ఉపరితలం దగ్గరి సుమారు 6 శాతంలో వచ్చే అంకెలను వదిలేయండి. నీటి పైతలం నుంచి వచ్చే ప్రతిధ్వని వాటిని చెడగొడుతుంది. పరికరంలోని దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం, దాన్ని భౌగోళిక ఉత్తరానికి మార్చాలి. మోడల్ గ్రిడ్ (సముద్రాన్ని విభజించిన గళ్ల అల్లిక) వంపు తిరిగి ఉంటే దాని వేగాలనూ తూర్పు, ఉత్తర దిశలకు తిప్పాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

ఒడ్డు నుంచి రేడియో తరంగాలతో ప్రవాహాన్ని కొలిచే హెచ్‌ఎఫ్ రాడార్, ఫ్రీక్వెన్సీని బట్టి పైపై ఒకటి రెండు మీటర్ల నీటినే చూస్తుంది. మోడల్ పై పొర 5 మీటర్ల మందం ఉంటే, గాలి తోసే వేగం అందులో తక్కువగానే కనిపిస్తుంది.

ఇక ఆటుపోట్లు. ఇవి వేర్వేరు ఆవర్తనాలున్న అలల మొత్తం: ఎం2 (చంద్రుడి వల్ల రోజుకు సుమారు రెండుసార్లు వచ్చేది), ఎస్2 (సూర్యుడి వల్ల రోజుకు రెండుసార్లు వచ్చేది) లాంటివి. ఈ రెండూ విడిపోవాలంటే కనీసం 15 రోజుల కొలతలు కావాలి. ఎన్2 (చంద్రుడి దూరం మారడం వల్ల వచ్చేది) కూడా కావాలంటే 28 రోజులు. గంటకు ఎం2 ఫేజ్ (అల తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) 29 డిగ్రీలు, రోజుకు ఒకసారి వచ్చే కె1 ఫేజ్ 15 డిగ్రీలు కదులుతాయి. మోడల్‌కూ కొలతలకూ మధ్య ఫేజ్ తేడాలు సరిగ్గా ఆ లెక్కలోనే వస్తే మోడల్‌ను తిట్టకండి, గడియారం గంట తప్పింది. అందులో సగం వస్తే, గంట సగటుకు మధ్య సమయం బదులు చివరి సమయం వేసి ఉంటారు. ఫేజ్ కుదిరి వేగం మాత్రం తేడాగా ఉంటే, అక్కడ మోడల్‌లోని లోతును అసలు లోతుతో పోల్చండి. మోడల్‌లో లోతు తక్కువైతే అదే నీరు ఇరుకులోంచి పోవాలి, వేగం పెరుగుతుంది.

మిగిలిన ప్రవాహం కోసం, ఆటుపోట్లు పోయేలా, గంటవారీ అంకెలపై 24, 24, 25 గంటల కదిలే సగటులను ఒకదాని తర్వాత ఒకటి నడపండి. వచ్చిన దాన్ని తీరం వెంబడి, తీరానికి అడ్డంగా విడగొట్టి సగటు తేడా, ఆర్‌ఎంఎస్ తేడా (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) లెక్కించండి. నిన్నటి ప్రవాహమే నేడూ ఉంటుందనే అంచనాను కూడా మోడల్ ఓడించలేకపోతే దాన్ని వాడొద్దు.

సుడుల విషయంలో ఆర్‌ఎంఎస్ మోసం చేస్తుంది. సుడిని పది కిలోమీటర్లు పక్కన చూపిన మోడల్‌కు రెండుసార్లు శిక్ష పడుతుంది: ఉన్న చోట చూపనందుకు, లేని చోట చూపినందుకు. సుడే లేని మోడల్‌కు ఒక్కసారే. ఇక్కడ డ్రిఫ్టర్లు (ప్రవాహంతో కొట్టుకుపోతూ తామెక్కడున్నాయో చెప్పే తేలే పరికరాలు) నయం. డ్రిఫ్టర్ ఉన్న చోటే రోజూ మోడల్‌లో ఒక కణాన్ని వదిలి, 24 గంటల తర్వాత రెండింటి మధ్య దూరాన్ని డ్రిఫ్టర్ నడిచిన దూరంతో భాగించండి. ఇది ఎంత తక్కువైతే మోడల్ అంత మంచిది. డ్రోగ్ (నీటి ప్రవాహాన్ని పట్టుకునేలా కింద వేలాడే తెర) ఊడిపోయిన డ్రిఫ్టర్ గాలికి కొట్టుకుపోతుంది. ఆ రోజుల అంకెలను ముందే తీసేయండి.