వలస పేట కథతో సీజన్ తెరవాలంటే: హక్కుల నుంచి తొలి ప్రదర్శన దాకా

అమెరికాలోని రీజనల్ థియేటర్లు, అంటే న్యూయార్క్ బయటి ఊళ్లలోని వృత్తి థియేటర్లు, ఎక్కువగా సెప్టెంబరు ప్రాంతంలో కొత్త సీజన్ తెరుస్తాయి. ఆ మొదటి స్థానంలో వలస కుటుంబాల మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, పెట్టడం ధైర్యమైన, మంచి నిర్ణయం. అయితే ఇలాంటి నాటకంలో కథానాయకుడు ఒక్క మనిషి కాదు, పేట మొత్తం. పదిహేను ఇరవై మంది ఒకరి మాట మీద ఒకరు పాడుతుంటారు, అందులో కొంత ఇంగ్లీషు కాని భాషలో ఉంటుంది. ఆ మాట చివరి వరుస దాకా స్పష్టంగా చేరకపోతే సెట్టు, నృత్యం, లైట్లు ఎంత బాగున్నా నాటకం నిలబడదు. కింద చెప్పే పనుల క్రమమంతా ఆ మాటను కాపాడుకోవడానికే.

హక్కులు చేతికొచ్చాకే ప్రకటన

తొలి ప్రదర్శనకు తొమ్మిది నుంచి పన్నెండు నెలల ముందు హక్కుల కోసం దరఖాస్తు చేయండి. ఎక్కువ మ్యూజికల్స్ మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, కాంకర్డ్ థియేట్రికల్స్ లాంటి సంస్థల దగ్గర ఉంటాయి. హాల్లో ఎన్ని సీట్లు, టికెట్ ధర ఎంత, ఎన్ని ప్రదర్శనలు, నటులు ఈక్విటీ అనే నటుల యూనియన్‌లో సభ్యులా కాదా అని అడుగుతారు. వృత్తి థియేటర్లకు రాయల్టీ సాధారణంగా టికెట్ వసూళ్లలో శాతంగా ఉంటుంది. అదే నాటకం టూర్ మీద మీ ప్రాంతానికి వస్తున్నా, దగ్గర్లో మరో వృత్తి థియేటర్ వేస్తున్నా హక్కులు ఆపేయవచ్చు. అందుకే ఒప్పందం మీద సంతకాలు కాకముందు సీజన్ టికెట్లు అమ్మకండి.

దరఖాస్తుకు ముందే పరిశీలన ప్రతి తెప్పించుకుని మూడు విషయాల కోసం చదవండి: ఎంతమంది నటులు, ఏయే వాద్యాలు, ఇంగ్లీషు కాని మాటలు ఎన్ని పేజీల్లో ఉన్నాయి. మూడోది బడ్జెట్ లెక్కల్లో తరచూ జారిపోతుంది. ఉచ్చారణ శిక్షకుల జీతం, తెర మీద వేసే అనువాద పంక్తుల ఖర్చు అక్కడి నుంచే వస్తాయి.

ఒప్పందం మాటలు మార్చనివ్వదు. ప్రేక్షకులకు అర్థం కాదని స్పానిష్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తిప్పడం, పాట కోయడం, పాత్రను ఆడ నుంచి మగకు మార్చడం, వాద్యాలు తగ్గించి సొంతంగా స్వరాలు రాయించుకోవడం, వీటన్నిటికీ రాతపూర్వక అనుమతి కావాలి. తెర మీద అనువాదం వేయడానికీ విడిగా అడగాలి. ఇంకొక సంగతి: పాటల హక్కుల సంస్థలైన ఆస్కాప్, బీఎంఐల లైసెన్సులు నాటకం మొదలుకాకముందు లాబీలో వేసే పాటలకు పనికొస్తాయి గానీ, మ్యూజికల్‌ను రంగస్థలం మీద ప్రదర్శించే హక్కు ఇవ్వవు. ఈ రెండూ ఒకటేనని పొరబడేవాళ్లు ప్రతిచోటా ఉంటారు.

పాత్రలకు మనుషుల్ని వెతకడం

ముందుగా ముసలి పాత్రను వెతకండి. ఇలాంటి మ్యూజికల్స్‌లో పేటకంతటికీ పెద్దదిక్కుగా ఒక అమ్మమ్మో తాతో ఉంటారు. ఆ భాష పుట్టుకతో వచ్చి, ఆ వయసులో ఉండి, వారానికి ఎనిమిది ప్రదర్శనలు పాడగల వ్యక్తి ఆడిషన్ ప్రకటన చూసి తలుపు తట్టడం అరుదు. పాడగల పెద్దవాళ్లు చర్చి గాయక బృందాల్లో, సమాజ సంఘాల్లో ఉంటారు. కనీసం ఆరు నెలల ముందు అక్కడికి వెళ్లి పరిచయం చేసుకోండి. కుర్ర పాత్రలకు మాత్రం నటులు సులువుగానే దొరుకుతారు.

ప్రకటనలో పాత్ర నేపథ్యం, గొంతు స్థాయి, అవసరమైన భాష స్పష్టంగా రాయండి. ఆడిషన్ గదిలో మాత్రం ‘నువ్వు ఏ దేశంవాడివి’ అని ఎవరినీ అడగకూడదు. ‘ఈ పాత్రల్లో దేనికి న్యాయం చేయగలనని మీకు అనిపిస్తోంది’ అనేది సరైన ప్రశ్న. వేగంగా పలకాల్సిన ర్యాప్ భాగం ఉంటే దాన్ని రెండు రోజుల ముందే పంపి, అసలు వేగంలోనే వినండి. అప్పటికప్పుడు చూసి చదివిస్తే చదివే చురుకే తెలుస్తుంది, నాలుక పట్టు తెలియదు.

కనీసం ఇద్దరు స్వింగ్‌లు కావాలి, అంటే బృందంలో ఎవరు రాలేకపోయినా వాళ్ల స్థానంలో దిగేవాళ్లు. ఖర్చు తగ్గించుకుందామని ముందుగా వీళ్లనే తీసేస్తారు. గుంపు పాటల మీదే నడిచే నాటకంలో ఒక్క గొంతు తగ్గితే శ్రుతుల అల్లికలో ఒక వరుస మొత్తం ఖాళీ అవుతుంది.

యాస: ఎవరిది, ఏ తరానిది

‘స్పానిష్ యాస’ అన్న మాటతో పని జరగదు. డొమినికన్, ప్యూర్టోరికన్ మాటల్లో పదాంతంలోని స కారం సన్నగిల్లిపోతుంది, లేదా పూర్తిగా జారిపోతుంది. మధ్య మెక్సికో మాటలో అది గట్టిగా నిలుస్తుంది. తొలినాళ్లలో అమెరికా చేరిన చైనీయుల్లో ఎక్కువమంది గువాంగ్‌డాంగ్ రాష్ట్రంవాళ్లు, వాళ్లలో చాలామందిది తైషాన్ మాట. అలాంటి కథలో మాండరిన్ పలికిస్తే ఆ వంశాలవాళ్లకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల్లోనూ సిసిలీ మాట వేరు, నేపుల్స్ మాట వేరు.

ఊరు తేల్చుకున్నాక తరం తేల్చుకోవాలి. పెద్దయ్యాక వచ్చిన తాతకు యాస బరువుగా ఉంటుంది. పదేళ్ల వయసులో వచ్చిన తండ్రికి అక్కడక్కడా తొంగిచూస్తుంది. ఇక్కడే పుట్టిన కూతురు ఇంగ్లీషును పక్కింటి పిల్లల్లాగే మాట్లాడుతుంది, అమ్మమ్మ భాషలో మాత్రం తడబడుతుంది. ముగ్గురికీ ఒకే యాస తగిలిస్తే కుటుంబం కుటుంబంలా వినిపించదు. అప్పుడది వెక్కిరింపులా మారుతుంది, ఈ నాటకానికి అంతకంటే పెద్ద హాని లేదు.

పద్ధతి ఇది. ఆ ప్రాంతపు మనిషి చేత ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు రికార్డు చేయించండి, ఒకసారి నిదానంగా, ఒకసారి మామూలు వేగంలో. ప్రతి నటుడికీ తన వాక్యాల రికార్డింగు, అంతర్జాతీయ ధ్వని లిపిలో రాసిన కాగితం, అర్థం, ఈ మూడూ రిహార్సల్స్ మొదలుకావడానికి మూడు వారాల ముందే అందాలి. శిక్షకుణ్ణి మొదటి రోజే గదిలో కూర్చోబెట్టండి. చివరి వారంలో పిలిస్తే ఆయన తప్పులు చూపగలడు తప్ప దిద్దలేడు, అప్పటికి తప్పు ఉచ్చారణ అడుగుల లెక్కతో కలిసి ఒంట్లోకి దిగిపోయి ఉంటుంది. బృందంలో ఆ భాష వచ్చిన నటుడు ఉన్నాడు కదా అని తోటివాళ్లకు నేర్పే పని అతని నెత్తిన వేయకండి. వేస్తే దానికి విడిగా డబ్బివ్వండి.

సెట్టు మీద రాతలకూ ఇదే శ్రద్ధ అవసరం. దుకాణం బోర్డు, గోడ మీద క్యాలెండరు, దేవుడి మూల, కౌంటరు మీద డబ్బాలు, వీటి నమూనా బొమ్మలు తయారీకి వెళ్లేలోపే ఆ సమాజంవాళ్లకు చూపించండి. రంగు వేశాక బయటపడ్డ అక్షరదోషాన్ని దిద్దడానికి సగం రోజు పోతుంది.

వీధి సెట్టు

ఈ నాటకాలకు రెండు మూడు అంతస్తుల ముఖభాగం, ఇనుప మెట్లు వేస్తుంటారు. ఎత్తున జరిగే దృశ్యం మొదటి వరుసకు, పక్క చివరి సీట్లకు కనిపించదు. కట్టకముందే ఒకరిని నిచ్చెన ఎక్కించి, ఆ సీట్లలో కూర్చుని చూడండి. నటులు నిలబడే ఎత్తులకు అంచున రక్షణ కమ్మీ 42 అంగుళాల ఎత్తు ఉండాలి. కాంక్రీటు మీద నేరుగా పరిచిన నేల నృత్యబృందం ముంగాళ్లను దెబ్బతీస్తుంది, కింద స్పంజిలా ఒదిగే పొర తప్పనిసరి. ప్రదర్శనలో వేసుకునే చెప్పులే రెండో వారం నుంచి వేసుకోమనండి.

శబ్దం

అన్నిటికంటే ఎక్కువ నాటకాలు దెబ్బతినేది ఇక్కడే. కాంగా, బాంగో, టింబాలే లాంటి లాటిన్ డోలు వాద్యాలుంటే వాటి అసలు మోతే హాల్లో మాటను మింగేస్తుంది. వాటిని పారదర్శక పలకల వెనక పెట్టండి, వీలైతే వేరే గదిలో. వేరే గది అయితే సంగీత దర్శకుడి చేతిని చూపే వీడియో మీద కన్నేసి ఉంచండి. మామూలు టీవీలు బొమ్మను ఆలస్యంగా చూపిస్తాయి. సెకనులో పదో వంతు ఆలస్యమైనా తాళం జారిపోయినట్టే వినిపిస్తుంది. టీవీలో ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టి చూడండి. చాలకపోతే ఆలస్యం తక్కువున్న కెమెరా, మానిటరు అద్దెకు తీసుకోండి.

ఒంటరి వాక్యం ఉన్న ప్రతి మనిషికీ సొంత మైకు కావాలి. నుదుటి మీద జుట్టు మొదలయ్యేచోట పెడితే ఛాతీ మీద పెట్టినదానికంటే స్వరం సమంగా వస్తుంది, తల తిప్పినా మారదు. చెమట చుక్క మైకు నోట్లో పడితే స్వరం ఒక్కసారిగా మందగిస్తుంది. నృత్యం ఎక్కువున్నవాళ్లకు తీగ మీద చిన్న ముడి వేసి చెమటను దారి మళ్లించండి, ట్రాన్స్‌మిటర్‌ను నీరు చొరని తొడుగులో పెట్టండి. మైకు అమర్చాక హెయిర్ స్ప్రే కొట్టకూడదు, చిల్లులు పూడిపోతాయి. బ్యాటరీలు ప్రతి ప్రదర్శనకూ కొత్తవి.

ఇద్దరు కౌగిలించుకున్నప్పుడు రెండు మైకులూ తెరిచి ఉంటే గొంతులు గొట్టంలోంచి వచ్చినట్టుంటాయి. ఒకటి మూసేయాలి. అంటే సౌండ్ ఇంజినీరు వాక్యం వాక్యానికీ వేలు కదపాలి, ఆ వేళ్లకూ రిహార్సల్ కావాలి. నాటకం మొత్తం ఆగకుండా ఆడే రోజుల్లో కనీసం మూడుసార్లు ఆయన నాటకం ప్రతి పట్టుకుని గదిలో కూర్చోవాలి.

పాత వైర్‌లెస్ మైకులు ఉంటే వాటి ఫ్రీక్వెన్సీ చూసుకోండి. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం 2020 జూలై 13 తర్వాత 600 మెగాహెర్ట్జ్ బ్యాండులోని మొబైల్ సేవల భాగాల్లో, అంటే 617 నుంచి 652 వరకు, 663 నుంచి 698 వరకు వైర్‌లెస్ మైకులు వాడకూడదు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ భాగాల్లో ఫోన్ నెట్‌వర్కులు నడుస్తున్నాయి. ఖాళీ హాల్లో బాగా పనిచేసిన మైకు హాలు నిండేసరికి తెగిపోవడానికి జేబుల్లోని ఫోన్లే కారణం కావచ్చు.

రిహార్సల్స్ ఎలా పంచుకోవాలి

నాలుగు వారాలు చేతిలో ఉన్నాయనుకుందాం. మొదటి వారమంతా పాటకు, ఉచ్చారణకు ఇవ్వండి, అడుగులు నేర్పకండి. నృత్య దర్శకులు ఒప్పుకోరు, అయినా పట్టుబట్టండి. గుంపు పాటల్లో ఎవరి వరుస వారికి నిద్రలో కూడా రావాలి. రెండో వారం నృత్యం, సంభాషణ దృశ్యాలు. మూడో వారం చివరికి మొత్తం ఒకసారి ఆగకుండా ఆడాలి. నాలుగో వారం సెట్టు మీద. యూనియన్ నటులతో 55 నిమిషాల పని తర్వాత 5 నిమిషాలు, లేదా 80 నిమిషాల తర్వాత 10 నిమిషాలు విరామం తప్పదు. పాట మధ్యలో ఆగకుండా స్టేజ్ మేనేజర్ ఈ లెక్కను షెడ్యూలులోనే రాసుకోవాలి.

గాయకులు, వాద్యకారులు మొదటిసారి కలిసి కూర్చునే రోజుకు పూర్తిగా నాలుగు గంటలు కేటాయించండి. దానికి ముందే లైట్లవాళ్లు, వడ్రంగులు ఎవరూ లేని రెండు గంటల నిశ్శబ్దం సౌండ్ విభాగానికి ఇవ్వాలి. స్పీకర్లు సర్దుకునే ఆ సమయాన్ని రంపాల మోత తినేస్తే లోటు ప్రీవ్యూల దాకా, అంటే తొలి ప్రదర్శనకు ముందు ప్రేక్షకుల మధ్య ఆడే పరీక్షా ప్రదర్శనల దాకా, వెంటాడుతుంది. ప్రీవ్యూలు కనీసం మూడు ఉండాలి. మొదటిదానిలో నాటకంలోని ఇంగ్లీషు కాని భాష తెలియని ఇద్దరిని బాల్కనీలో కూర్చోబెట్టి, కథలో ఎక్కడ దారి తప్పారో రాసిమ్మనండి.

ఎవరి కథో వాళ్లు రావాలంటే

లాబీలో ఆ దేశపు తిండి పెట్టి, ఒక జెండా కట్టినంత మాత్రాన ఆ సమాజం రాదు. హోటళ్లలో, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు శుక్ర, శని సాయంత్రాలు తీరిక ఉండదు. చాలా రెస్టారెంట్లకు సోమవారం సెలవు, థియేటర్లకూ అదే సెలవు. కనీసం ఒక్క సోమవారం ప్రదర్శన పెట్టండి, ఆ వారం బృందం సెలవును మంగళవారానికి జరపండి. దీన్ని ఒప్పందాల దశలోనే తేల్చుకోవాలి, ప్రదర్శనలు మొదలయ్యాక మార్చడం కష్టం. టికెట్ ఫోనుకు ఆ భాషలో జవాబిచ్చే మనిషి ఉండాలి. కార్యక్రమ పుస్తకంలో కథాసారం రెండు భాషల్లో వేయండి. సలహాకు పిలిచిన పెద్దలకు రుసుము ఇవ్వండి, ఉచిత టికెట్టు రుసుము కాదు.

సంజ్ఞాభాషలో చెప్పే రోజు ఉంటే ఆ వ్యాఖ్యాతలకు పాటల ప్రతి నెల రోజుల ముందు ఇవ్వండి. రెండు భాషల పాటలో ఏ మాట ఏ భాషదో సంజ్ఞలో తేడా చూపడానికి వాళ్లకు ఆలోచించుకునే సమయం కావాలి.

నాటకం ముగిశాక అద్దెకు తెచ్చిన స్వరపుస్తకాలను తిరిగి పంపే షరతు ఉందేమో ఒప్పందంలో చూడండి. ఉంటే చివరి ప్రదర్శన రాత్రే వాద్యకారుల స్టాండ్ల మీద నుంచి లెక్కపెట్టి తీసుకోండి. రాతలు పెన్సిలుతోనే ఉండాలని మొదటి రోజే చెప్పి ఉంటే చెరపడం ఒక పూట పని. పెన్నుతో రాసినవి, పోయినవి ఉంటే ఆ ఖరీదు థియేటరు కట్టాల్సి రావచ్చు.